ఎవరి వంతుకూ రాని నెల

ముత్తియాల్‌పేటలో మా హోటల్‌కి వచ్చేవాళ్ళు కుర్చీ లాక్కోక ముందే ఒక మాట అడుగుతారు. ఈ నెల ఎవరిది అని. ఇడ్లీ ఉందా, పొంగల్ అయిపోయిందా అనేవి ఆ తర్వాత. పెద్దోళ్ళ, అంటే మా ఆయన పెదనాన్నగారి ఇంటివాళ్ళ, నెలైతే సాంబారు చిన్న ఉల్లిపాయలతో కాస్త తియ్యగా ఉంటుంది. మా నెలైతే చింతపండు, మిరపకాయ ముందుకొస్తాయి. వాళ్ళ సాంబారు మీద మనసున్నవాళ్ళు మా నెలలో కాఫీ మాత్రం తాగి పోతారు. మా సాంబారు కావలసినవాళ్ళు వాళ్ళ నెలలో వడ తిని సరిపెట్టుకుంటారు. అద్దె స్కూటర్ల మీద వచ్చే టూరిస్టులకు ఈ సంగతి తెలియదు. ఈ నెల తిని, ఫొటో తీసుకుని, వచ్చే నెల స్నేహితులను పంపిస్తారు. ఆ స్నేహితులేమో రుచి మారిపోయిందని ఇంటర్నెట్‌లో ఫిర్యాదు రాస్తారు. మారదా మరి? వండే చెయ్యి మారింది.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకూ తెలియదు. మాది కిరుమాంబాక్కం, వ్యవసాయం చేసుకునే ఇల్లు. హోటల్ వాళ్ళ సంబంధం అనగానే మా అమ్మ తెగ సంబరపడింది, పిల్లకు వంట బాధ ఉండదని. పాపం మా అమ్మ.

ఈ హోటల్ మా ఆయన తాత మొదలుపెట్టింది. అంతకు ముందు తరాలవాళ్ళు ఇదే ఊళ్ళో బట్టల వ్యాపారం చేశారు. తాత కాలానికి అది చితికిపోయింది. ఆయన ఇంటి ముందు అరుగు మీద ఇడ్లీ గుండిగ పెట్టి, పొద్దున్నే మిల్లుకు పోయే జనానికి అమ్మడం మొదలుపెట్టాడు. అరుగు గది అయింది, గది హాలు అయింది, హాలుకు ఫ్యాన్లు వచ్చాయి. మిల్లు జనం పోయారు, ఆఫీసుల జనం వచ్చారు. హోటల్ మాత్రం అలాగే నడిచింది.

తాతకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ మంచి వంటవాళ్ళే, ఎవరి సాంబారు వాళ్ళకు గొప్ప. ఒకనాడు పెద్దాయన దించి పెట్టిన సాంబారులో చిన్నాయన, అంటే మా మామగారు, అడగకుండా చింతపండు పిసికి పోశారట. పెద్దాయన ఆ గుండిగను అలాగే ఎత్తి కాలువలో పారబోశారట. ఆ సాయంత్రం తాత ఇద్దరినీ కూర్చోబెట్టి, హోటల్‌ను కాదు, ఏడాదిని పంచాడు. చైత్రం పెద్దవాడిది, వైశాఖం చిన్నవాడిది, జ్యేష్ఠం మళ్ళీ పెద్దవాడిది. అలా ఫాల్గుణం దాకా ఒకటి విడిచి ఒకటి. ఎవరి నెలలో వాళ్ళదే వంటిల్లు, వాళ్ళదే గల్లాపెట్టె. వంటమనుషులు ఎందరున్నా పొయ్యి దగ్గర ఆ ఇంటి మగవాడు నిలబడి తీరాలి. ఇక అప్పుడప్పుడూ వచ్చే అధికమాసం ఎవరిదీ కాదు. ఆ నెలంతా హోటల్ మూసి సున్నాలు వేయించుకోవాలి. అదీ తాత తీర్పు.

ఊరంతా తమిళ నెలలు లెక్కపెట్టుకునే చోట తెలుగు నెలలతో పంచి పెట్టిన మనిషిని ఏమనాలి? మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు. నాకు అక్షరాలు వచ్చు, మా నాన్న పట్టుబట్టి నేర్పించాడు. కానీ అత్తవారింట్లో పంచాంగమనేదే లేదు. గోడకు వేలాడేది రోజుకో కాగితం చింపే తమిళ క్యాలెండర్. దాంట్లో అమావాస్య నాడు గుండ్రంగా నల్లచుక్క ఉంటుంది. నల్లచుక్క నుంచి నల్లచుక్క దాకా ఒకరి వంతు. చుక్క నాటి సాయంత్రం దిగిపోయే ఇంటివాళ్ళు పొయ్యిలు కడిగి తాళాలు ఇస్తారు. ఈ ఏర్పాటుకు అక్షరం ముక్క రానక్కర్లేదు.

అధికమాసం ఒక్కటే ఆ క్యాలెండర్‌ను చూస్తే తెలిసేది కాదు. దానికి మా అత్తగారు ఉండేది. ఆమె పుట్టిల్లు సూళ్ళూరుపేట. ఉగాది నాడు పచ్చడి నోట్లో వేసుకోగానే పుట్టింటికి ఫోన్ చేసి, ఈ ఏడు అధికం ఉందా, ఎప్పుడొస్తుంది అని కనుక్కుని రెండిళ్ళకూ చెప్పేది. హోటల్ మూసిన ఆ నెలలో రెండిళ్ళకూ కలిపి ఆమే వండేది. ఆ నెలంతా సాంబారు గురించి ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

పంపకం పైకి సమానంగానే కనిపిస్తుంది. నాకు మాత్రం మొదటి ఏడాదే అర్థమైంది. ఆశ్వయుజం పెద్దోళ్ళది. అంటే దసరా వాళ్ళది, దీపావళి వాళ్ళది, లడ్డూల ఆర్డర్లు వాళ్ళవి. దీపావళి వెళ్ళగానే వంతు మారి కార్తీకం మాకొస్తుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పండుగ పిండివంటలు మిగిలి ఉంటాయి, హోటల్‌కి ఎవడొస్తాడు? దానికి తోడు వాన. ఈ ఊళ్ళో కార్తీకం అంటే వాననే అర్థం. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, వంటింటి గోడలు చెమ్మ, పిండి పొంగదు, గ్యాస్ వచ్చాక కూడా హోటల్ దొడ్లో పెద్ద పొయ్యికి కట్టెలే కాబట్టి తడి కట్టెల పొగ. మామగారు ఒకసారి, మా పెళ్ళికి ముందట, ఒక్క ఏడాదికి దీపావళి నెల మాకివ్వండి అని అడిగారట. అంతే, పెద్దోళ్ళు ఏడాదిపాటు మాటలు మానేశారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు.

మా ఆయనకు ఆయాసం మొదలైంది ఆ వంటింట్లోనే. మొదట్లో కార్తీకంలో దగ్గు, మార్గశిరానికి తగ్గిపోయేది. తర్వాత పుష్యం దాకా సాగేది. పోయిన ఏడాది కార్తీకంలో దోసె పెనం ముందు నిలబడి ఉన్నవారు నిలబడినట్టే కూలబడిపోయారు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టారు. డాక్టర్ నన్ను బయటికి పిలిచి, వచ్చే వానాకాలం ఈయన ఆ పొగలో, ఆ చెమ్మలో నిలబడితే నేను చెయ్యగలిగింది ఉండదమ్మా అన్నాడు. మెత్తగానే అన్నాడు.

ఇంటికొచ్చాక నేను నిలబడతానన్నాను, మా అమ్మాయి నిలబడుతుందన్నాను. ఆయన వినే రకమైతేగా. మా ఇల్లు హోటల్ వెనకాలే. మన వంతు నడుస్తుంటే మంచం మీద పడుకోగలనా అన్నారు. పెద్దోళ్ళింటి అన్నగారిని అడిగి కార్తీకం మార్పించుకోండి అంటే, తాత పెట్టిన వరస అన్నారు. తాత పెట్టిన వరసకు మనవడి ఊపిరి బలి కావాలని తాత చెప్పాడా? ఇలా నేను అరవడం, ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం. ఉగాది అలాగే వెళ్ళిపోయింది. అత్తగారు అంతకు ముందు ఏడాదే పోయింది. సూళ్ళూరుపేటకు ఫోన్ చెయ్యాలన్న సంగతి రెండిళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

ఎండాకాలం సెలవుల్లో జ్యేష్ఠం అనుకుని పెద్దోళ్ళు హోటల్ నడిపారు. నల్లచుక్క వచ్చింది, ఆషాఢం అనుకుని మేము అందుకున్నాం. ఆషాఢమంటే మాకు ఈగలు తోలుకునే నెల. ఆ ఏడు మాత్రం పెళ్ళివాళ్ళ టిఫిన్ ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి.

“ఆషాఢంలో పెళ్ళిళ్ళేంది?” అన్నాను మా ఆయనతో.

“జనం మారినారు. మనకెందుకు, వడలు ఏంచు” అన్నారు.

తర్వాతి నెల శ్రావణమనుకుని పెద్దోళ్ళు కూర్చుంటే వాళ్ళకు బేరాలు లేవు. వరలక్ష్మీ వ్రతం మా రెండిళ్ళలోనూ ఆనవాయితీ లేదు. ఉండి ఉంటే గుట్టు అప్పుడే రట్టయ్యేది. మళ్ళీ నల్లచుక్క, మళ్ళీ మా వంతు. భాద్రపదం. భాద్రపదం అంటే వినాయక చవితి. చవితి నాడు మట్టి వినాయకుణ్ణి హోటల్ కౌంటర్ మీద పెట్టడం, ప్రతి టిఫిన్ పళ్ళెంలో ఒక కుడుము ఊరికే పెట్టడం మామగారి కాలం నుంచీ మా ఇంటి హక్కు. చుక్క వెళ్ళాక నాలుగో రోజు చవితి. నేను ముందురోజే గంగాళం నిండా బియ్యం నానబోసి, కొబ్బరికాయలు కొట్టించి, బెల్లం దంచుతూ కూర్చున్నాను. మా ఆయన వినాయకుణ్ణి తేవడానికి కోసపాళయం పోయారు.

ఉత్త చేతులతో వచ్చారు. కుండలు చేసే ముసలాయన ఈయన్ని ఎగాదిగా చూసి, “సామీ, పండుగ వచ్చే నెల కదా, నేనింకా మట్టే తేలేదు” అన్నాడట తమిళంలో. ఈయన చెప్పులైనా విప్పకుండా క్యాలెండర్ దగ్గరికి పోయి కాగితాలు ఎత్తి చూశారు. చవితి నిజంగానే ఇంకో నల్లచుక్క తర్వాత ఉంది.

“ఇదేందే, ఒక నెల యాడో ఎక్కువొచ్చినాది” అన్నారు.

నా చేతిలో బెల్లం ముక్క అలాగే ఉండిపోయింది. “అధికం” అన్నాను. “అత్తమ్మ లేదు, మనకెవురు చెప్పినారు? ఎండాకాలంలో వాళ్ళు నడిపింది అధికమాసం.”

మొదట భయం వేసింది. ముయ్యాల్సిన నెలలో పొయ్యి వెలిగించాం. ఆ భయం ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఒక నెల ఎక్కువ దూరడంతో వరస తిరగబడింది. ఇప్పుడు నడుస్తున్నది నిజానికి శ్రావణం, మా దగ్గరుంది. భాద్రపదం వాళ్ళకు పోతుంది. ఆశ్వయుజం మాకు. కార్తీకం వాళ్ళకు. ఇంకోసారి లెక్కపెట్టాను. కార్తీకం వాళ్ళకే. నానబోసిన బియ్యం గురించి గాని, పరువు గురించి గాని నాకు చింత లేకపోయింది. ఆయన మొహం చూసి నవ్వేశాను కూడా.

ఆయన నవ్వలేదు. “అన్నకు చెప్పాల. ఇది వాళ్ళ శ్రావణం. ఇచ్చేయాల.”

“చెప్పండి, వద్దన్నానా? చెప్పేది వేరు, ఇచ్చేసేది వేరు.”

“మనది కానిది మన దగ్గర పెట్టుకుంటే ఎట్ల?”

“శ్రావణం వాళ్ళది, సరే. మీ ఊపిరి ఎవురిది? అది నాది. దాన్ని ఎవురికిచ్చేదీ లేదు.”

ఆయన నేరుగా పెద్దోళ్ళింటికి పోయారు. నిజాయితీ గల మొగుణ్ణి చేసుకుంటే ఇదే తంటా. దేవుడు నోటిదాకా తెచ్చిన దాన్ని ఈయన చేతులారా తిరిగిచ్చేస్తున్నారు కదా అని ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజే మధ్యాహ్నం, టిఫిన్ల సందడి మొదలుకాక ముందు హాల్లో నలుగురం కూర్చున్నాం. మా ఆయన, నేను, పెద్దాయన కొడుకు అంటే మా బావగారు, ఆయన భార్య. ఆమెను నేను అక్కా అంటాను. బావగారికి మాట్లాడే ముందు కళ్ళజోడు తుడుచుకునే అలవాటు. ఆయన తుడిచినంతసేపూ ఎదుటివాళ్ళ ప్రాణాలు గాల్లో ఉంటాయి.

తుడవడం అయింది. “తప్పు మాదే. అధికంలో పొయ్యి వెలిగించింది మేము. సరిచేసుకుందాం. రేపట్నుంచి ఈ నెల మాకిచ్చేయండి. భాద్రపదం మీరెత్తుకోండి, చవితి మీ చేతనే కానీండి. తర్వాత అంతా మామూలే” అన్నారు.

మా ఆయన తలూపారు. అంతా మామూలే అంటే కార్తీకం మాకే. ఆ తలూపు చూశాక నేనిక ఆగలేకపోయాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ బావగారి ఎదుట ఎదురు మాట్లాడినదాన్ని కాదు.

“బావా, కార్తీకం మాకొద్దు.”

ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. “మళ్ళీ ఆ దీపావళి కతేనా అమ్మా?”

“దీపావళి మీరే పెట్టుకోండి బావా. లడ్డూలు, ఆర్డర్లు అన్నీ మీవే. మాకు ఆ నెలకు బదులుగా ఏమీ ఇవ్వకపోయినా సరే. పోయిన వానల్లో ఈయన యాడ పడినారో మీరు చూసినారు. డాక్టర్ నాతో ఏమన్నాడో ఈయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఈ తడవ ఆ పొయ్యి ముందర నిలబెడితే ఇంటికి రారు. నేను నిలబెట్టను. అంతే.”

మా ఆయన నా వైపు చూశారు, కోపంగా కాదు. బావగారు కళ్ళజోడు మళ్ళీ తీశారు. ఆయన తుడవడం పూర్తికాక ముందే అక్క నోరు తెరిచింది. ఆమె పదిమందిలో మాట్లాడే మనిషి కాదు. పక్క టేబుల్ దగ్గర కరివేపాకు దూస్తూ, తలెత్తకుండానే అంది:

“దీపావళి వాళ్ళకిచ్చేయండి.”

“ఏంది?” అన్నారు బావగారు.

“ఇచ్చేయండి అంటాండా. నేనీ యింటికొచ్చినప్పట్నుంచి దీపావళి పొద్దున మా ఇంట్లో నూనె తలంటుకున్నదాన్ని కాదు. ఊరంతా కొత్త చీరలు కట్టుకుంటే నేను లడ్డూలు చుట్టుకుంటా కూర్చున్నా. పిల్లలు తలంటు కూడా వీళ్ళింట్లోనే పోసుకునినారు. రొంబ కష్టం అది. మీకు ఆర్డర్లు కనిపించినాయి, నాకు నా ఇల్లు చీకటిగా కనిపించినాది.”

ఇన్నేళ్ళూ ఆ పండుగ నెలను చూసి మేము కుళ్ళుకున్నాం. వాళ్ళు పట్టుచీరల్లో మిఠాయిలు అమ్ముకుంటూ సుఖపడుతున్నారనుకున్నాం. ఆమె మమ్మల్ని చూసి కుళ్ళుకుందని కలలో కూడా అనుకోలేదు.

బావగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. తర్వాత మా ఆయనతో అన్నారు, “చిన్నప్పుడు మీ యింటి గోడెక్కి కూర్చునేవాణ్ణి, నీకు తెలుసా? మీ నాయన నీ చెయ్యి పట్టుకుని మతాబాలు కాల్పిస్తాంటే చూస్తా ఉండేవాణ్ణి. మా నాయన దీపావళికి ఒక్కసారి కూడా ఇంట్లో లేడు.”

“మా నాయన ఆ రోజంతా చిటపటలాడతానే ఉండేవాడు అన్నా. మరుసటి రోజు నుంచి మాకు కార్తీకం గదా” అన్నారు మా ఆయన.

ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. బావగారికి కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. నాకు గుండెల మీద నుంచి బండరాయి దించినట్టయింది. అక్క కరివేపాకు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చేశాను, దాపరికం ఎందుకు.

తిరగబడిన వరసను అలాగే ఉంచేద్దామని ఆ పూటే తీర్మానమైంది. ఇకమీదట అధికమాసం వచ్చినప్పుడు హోటల్ ముయ్యక్కర్లేదు, ఆ నెలతో వరస తిరగబడనీ, అలా అందరికీ అన్ని నెలలూ వస్తాయి అన్నారు బావగారు. మరి కార్తీకం మళ్ళీ మా వంతుకు వచ్చినప్పుడో అన్నాను నేను, తేలిగ్గా వదిలేదాన్ని కాదుగా. అప్పటికి పొయ్యి దగ్గర పిల్లలే నిలబడతారు, మగపిల్లలైనా ఆడపిల్లలైనా సరే, మేమిద్దరం కౌంటర్ దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటాం అన్నారు. దొడ్లో కట్టెల పొయ్యి తీయించేస్తామని మా అమ్మాయి అప్పుడే లెక్కలు మొదలుపెట్టింది. అధికమాసాలన్నీ వెతికి తన ఫోన్‌లో ఎక్కించింది కూడా. నానిన బియ్యాన్ని ఆ సాయంత్రం రుబ్బి అట్లు పోసి అమ్మేశాం.

చవితి వాళ్ళ నెలలోనే వచ్చింది. అక్క కుడుములు చేసింది. కాస్త గట్టిగా వచ్చాయి. నేనేమీ అనలేదు. ఆశ్వయుజంలో మేము చేతులు పడిపోయేదాకా లడ్డూలు చుట్టాం. దీపావళి పొద్దున నేను సెనగపిండి చేతులతో దొడ్లోకి వస్తే పెద్దోళ్ళింటి గుమ్మం నిండా దీపాలు. అక్క తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని, కొత్త చీరలో ఊరికే కూర్చుని ఉంది. ఏ పనీ చెయ్యకుండా కూర్చుని ఉండటం ఆమెకు చేతకావడం లేదని చూస్తేనే తెలిసింది. అయినా లేవలేదు. మాకు లడ్డూల ఆర్డర్లు బాగానే వచ్చాయి, నడుములు కూడా బాగానే విరిగాయి.

తాళాలు ఇచ్చేసిన మరునాడే వాన పట్టుకుంది. తెల్లవారుతుండగా ఆయన అలవాటు ప్రకారం లేచి, చొక్కా తగిలించుకుని మంచం అంచున కూర్చున్నారు.

“ఇయ్యాళ మనది కాదు” అన్నాను.

గోడ అవతల వంటింట్లోంచి బావగారి కేకలు వినపడుతున్నాయి, కట్టెలు రాజుకోవడం లేదని. మా ఆయన చెవి ఒగ్గి విన్నారు. “అన్న అవస్థ పడతాండాడు. పోయి ఒక చెయ్యి వేసి వస్తా.”

“పొయ్యి దగ్గరికి పోతే కాళ్ళు విరగ్గొడతా.”

ఆయన నవ్వి, చొక్కా విప్పి, మళ్ళీ పడుకున్నారు. నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి నిద్రపట్టేసింది. బయట వాన జోరందుకుంది. ఆయన ఛాతీ పిల్లికూతలు పెట్టడం లేదు, భుజాలు ఎగరడం లేదు. నోరు మూసుకుని అందరిలాగే ఊపిరి తీస్తున్నారు. నా కాపురంలో కార్తీకమాసంలో ఆయన పొద్దెక్కేదాకా పడుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. కాఫీ చల్లారిపోయింది. నేను లేపలేదు.